రెండోసారి రావాలి



ఈ సభ ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆయన గురించి నాకంటే ఇక్కడున్న చాలామందికి ఎక్కువ తెలుసు. నాకు తెలిసిన ఒక్క సంగతి మాత్రం ఇవాళ్టి ప్రసంగానికి అవసరం కాబట్టి చెబుతాను. వరసగా రెండు మూడు రోజులు బడికి రాని పిల్లవాడి ఇంటికి సాయంత్రం పూట సైకిలేసుకుని వెళ్లేవారట. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, "రేపు వస్తావుగా" అని అడిగి వచ్చేసేవారట. తిట్టడం, కొట్టడం ఉండేది కాదు. ఏళ్ల తరబడి మానసిక వైద్యురాలిగా టీనేజీ పిల్లల్ని చూస్తున్నదాన్ని. మన వైద్యంలో పెద్ద లోటు ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఆ పలకరింపు గురించే. మొదటిసారి ఓపీకి వచ్చిన పిల్ల రెండోసారి రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి మన దగ్గర లేడు.

మానసిక వైద్యం అనగానే మన ఊళ్లలో ఇప్పటికీ గుర్తొచ్చేది హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, లేకపోతే విశాఖలో చినవాల్తేరు మానసిక ఆస్పత్రి. పెద్ద గేటు, ఎత్తయిన గోడ, లోపల వార్డులు. కానీ మా దగ్గరికి వచ్చే పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల్లో అత్యధికులకు వార్డు అవసరమే ఉండదు. పొద్దున వచ్చి, చూపించుకుని, మాట్లాడి, మందులు తీసుకుని సాయంత్రానికి ఇల్లు చేరే వైద్యం చాలు. అయితే అది ఒక్కరోజుతో అయ్యే వైద్యం కాదు. వారానికోసారో రెండు వారాలకోసారో కొన్ని నెలలపాటు రావాలి. మన కుటుంబాలు ఎంతో కష్టపడి, ఎంతో సిగ్గు చంపుకుని మొదటిసారి వస్తాయి. రెండోసారి రావడం దగ్గరే తెగిపోతుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండోసారి గురించే.

ముందు ఈ సమస్య ఎంత పెద్దదో చూద్దాం. పెద్దవాళ్లలో కనిపించే మానసిక రుగ్మతల్లో సగం పద్దెనిమిదేళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వయసువాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందన్నది ఆ సంస్థ అంచనా. మన దేశంలో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక రుగ్మత ఉందని తేల్చింది. మహానగరాల్లో ఆ సంఖ్య 13.5 శాతం. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ కూడా లేదు. ఇంటర్ పిల్లల ఒత్తిడి గురించి మనం ఎంతగానో మాట్లాడుకుంటాం. ఆ లెక్కలో మన పిల్లలే లేరు. ఇక వైద్యుల సంగతి. లక్ష జనాభాకు కనీసం ముగ్గురు సైకియాట్రిస్టులు ఉండాలంటారు. దేశం మొత్తం మీద సగటున ఒక్కరు కూడా లేరు, 0.75 మంది ఉన్నారు. ఆ ఉన్నవాళ్లలో పిల్లల మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు ఇంకెంత తక్కువో మీరే ఊహించుకోవచ్చు.

ఈ వయసు పిల్లలు మా దగ్గరికి నేరుగా రారు. డిప్రెషన్‌లో ఉన్న పెద్దమనిషి దిగులుగా కనిపిస్తాడు. డిప్రెషన్‌లో ఉన్న పదహారేళ్ల పిల్లవాడు చిరాకుగా కనిపిస్తాడు. తలుపు ధడాలున వేస్తాడు, అన్నం కంచం తోసేస్తాడు, తెల్లవార్లూ మేలుకుని పగలంతా పడుకుంటాడు. ఆడపిల్లలు కడుపునొప్పి అంటారు, కళ్లు తిరుగుతున్నాయంటారు, తరగతి గదిలో పడిపోతారు. మొదట ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతారు. ఆ తర్వాత టౌన్లో జనరల్ ఫిజీషియన్, న్యూరాలజిస్టు, స్కానింగు. మధ్యలో తాయెత్తు, దర్గా, ప్రార్థన కూటం. ఇవన్నీ తిరిగినందుకు తల్లిదండ్రుల్ని నేనెప్పుడూ తప్పు పట్టను. బిడ్డ కోసం ఏ గడపైనా తొక్కే ప్రేమ అది. నా బాధల్లా ఒక్కటే. అన్నీ అయి మా గదిలోకి వచ్చేసరికి డబ్బూ అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. అప్పుడు నేను మొదలుపెట్టేది అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాల్సిన వైద్యం.

ఒక అబ్బాయి గురించి చెబుతాను. గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చాను.

పల్నాడు వైపు ఊరు. మిరప వేస్తారు. అబ్బాయి బెజవాడలో హాస్టల్లో ఉండి ఎంపీసీ ఫస్టియర్ చదువుతున్నాడు. తలనొప్పి అని స్కాన్ తీశారు, ఏమీ లేదు. ఆ స్కాన్ కవర్ని, ఓపీ చీటీని చంకలో పెట్టుకుని తల్లి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. "మేడమ్, వీడికి ఏ లోటూ చెయ్యలేదు. వీడి ఫీజు కోసమే ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకున్నాం. మరి మనసు బాగోకపోవడమేంటి మేడమ్?" అని అడిగింది. అందులో కోపం లేదు. నిజంగా అర్థంకాక అడిగిన ప్రశ్న అది. అబ్బాయి నేల చూస్తున్నాడు.

టీనేజీ పిల్లల్ని చూసేటప్పుడు కొంతసేపైనా వాళ్లతో ఒంటరిగా మాట్లాడాలి. తల్లిని బయట కూర్చోమని అడిగాను. ఆవిడ తటపటాయించి లేచింది. అబ్బాయి మొదటి మాట, "మా అమ్మకి చెప్పరుగా?" ఈ ప్రశ్నకు అబద్ధం చెబితే ఆ పిల్లవాడు మళ్లీ రాడు. అందుకని నిజమే చెప్పాలి. నువ్వు చెప్పేది ఈ గదిలోనే ఉంటుంది నాన్నా, కానీ నీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే అమ్మకి చెబుతాను, అదీ నీకు చెప్పాకే. నీ మీద ఎవరైనా లైంగికంగా చెయ్యి వేసి ఉంటే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేను పోలీసులకు చెప్పి తీరాలి. ఈ రెండూ తప్ప మిగతాదంతా నీది. ఇలా ముందే హద్దులు చెబితే పిల్లలు బెదిరిపోతారని చాలామంది అనుకుంటారు. నేను చూసింది వేరు. హద్దు తెలిశాకే మాట్లాడతారు.

"రాత్రి స్టడీ అవర్‌లో ఒకే లెక్క గంటసేపు చూస్తాను మేడమ్. బుర్రకెక్కదు. పక్కవాడు పేజీ తిప్పిన చప్పుడు వింటే గుండె దడదడలాడుతుంది" అన్నాడు. నిద్ర గురించి, తిండి గురించి అడిగాక సూటిగా అడిగాను, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను లేకపోతే వాళ్లకి ఫీజు మిగులుతుంది కదా మేడమ్" అన్నాడు.

ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం తల్లిదండ్రుల్లో, లెక్చరర్లలో, కొందరు వైద్యుల్లో కూడా ఉంది. అలా జరగదని పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. అడిగితే పిల్లల గుండె మీద బరువు దిగుతుంది. ఇక్కడ కూర్చున్న ఉపాధ్యాయులు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. అనుమానం వస్తే అడగండి.

అబ్బాయితో చెప్పి తల్లిని లోపలికి పిలిచాను. పురుగుమందులు ఇంట్లో ఉంచొద్దని, ఇంట్లో ఉన్న మందుబిళ్లలన్నీ తాళం వేసి ఉంచమని, కొన్నాళ్లు వాణ్ని ఒంటరిగా వదలొద్దని, రాత్రిపూట భయమేస్తే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యమని చెప్పాను. హాస్టల్ నుంచి ఇంటికి తీసుకెళ్లమన్నాను. ఒక మందు తక్కువ మోతాదులో వారానికి సరిపడా రాశాను. వచ్చే గురువారం మళ్లీ తీసుకురండి అన్నాను. అప్పుడు తల్లి అన్నది నాకు రోజూ వినపడే మాట. "గురువారం కుదరదు మేడమ్, కోతలు. నెలకి సరిపడా మందులు ఒకేసారి రాసివ్వండి."

నెల మందులు ఒకేసారి ఎందుకు రాయలేదో మీకు కాస్త వివరంగా చెప్పాలి.

అమెరికాలో డిప్రెషన్ ఉన్న పన్నెండు నుంచి పదిహేడేళ్ల పిల్లలు 439 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. టాడ్స్ అంటారు దాన్ని. పన్నెండు వారాల తర్వాత చూస్తే, ఫ్లూక్సెటిన్ అనే మందు, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల వైద్యం రెండూ కలిపి ఇచ్చిన పిల్లల్లో 71 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. మందు ఒక్కటే వాడినవాళ్లలో 60.6 శాతం. థెరపీ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 43.2 శాతం. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 34.8 శాతం. అంటే పిల్లల డిప్రెషన్ తగ్గే జబ్బు. మందూ మాటా రెండూ అందితే పదిమందిలో ఏడుగురు మూడు నెలల్లో బాగా మెరుగుపడతారు. ఈ సంగతి ప్రతి తల్లికీ తెలియాలని నా కోరిక.

అదే ఏడాది అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డిప్రెషన్ మందుల మీద గట్టి హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. పిల్లల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, మందు వాడినవాళ్లలో దాదాపు 4 శాతం మందిలో, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం మందిలో ఆత్మహత్య ఆలోచనలో ప్రయత్నాలో కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ఆత్మహత్య వల్ల ఒక్కరూ చనిపోలేదు. ఈ వార్త చదివి మందే వద్దన్నవాళ్లున్నారు. ఆ హెచ్చరిక చెప్పింది మందు మానెయ్యమని కాదు. మొదటి వారాల్లో పిల్లల్ని దగ్గరగా కనిపెట్టుకుని ఉండమని చెప్పింది. మొదటి నాలుగు వారాలు వారానికోసారి ముఖాముఖి చూడాలన్నది అప్పుడు ఇచ్చిన సూచన.

మందు పనిచెయ్యడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఇబ్బందులేమో మొదటి వారంలోనే వస్తాయి. కడుపులో తిప్పడం, నిద్ర చెడటం, కొందరిలో కుదురులేకపోవడం. ఇబ్బంది ముందు, మేలు తర్వాత. ఈ మధ్యలో చెప్పేవాళ్లు లేకపోతే ఏ తల్లయినా మందు ఆపేస్తుంది. "అవి మత్తు మందులంట, అలవాటైపోతాయంట" అని పక్కింటివాళ్లు చెప్పేది కూడా ఆ వారంలోనే. కొందరు పిల్లల్లో హుషారు మితిమీరి కనిపిస్తే అది బైపోలార్ రుగ్మత అయ్యుండొచ్చు, అప్పుడు వైద్యం దారే మారిపోతుంది. ఇదంతా తెలిసేది రెండోసారి వచ్చినప్పుడే. మొదటిసారి రాసిన చీటీ ఒక అంచనా మాత్రమే. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు, కొందరిలో ఏడాది, మందు కొనసాగించి నెమ్మదిగా తగ్గించాలి. నెల బిళ్లలు ఒకేసారి ఇంట్లో పెట్టడంలో ఉన్న ప్రమాదం వేరే చెప్పనక్కర్లేదు.

ఆ అబ్బాయి గురువారం వచ్చాడు. కోతల వల్ల తల్లి రాలేదు. మేనమామ బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు. ఆ మేనమామే ఆ తర్వాత కూడా చాలాసార్లు తెచ్చాడు, బయట బెంచీ మీద ఓపిగ్గా కూర్చునేవాడు. అబ్బాయి తర్వాతి సంవత్సరం ఊరికి దగ్గర్లోని జూనియర్ కాలేజీలో చేరి ఇంటి నుంచే వెళ్లివచ్చాడు. ఇంటర్ పాసయ్యాడు. ర్యాంకు గురించి నన్ను అడగొద్దు.

అదే నెలలో ఒక అమ్మాయి వచ్చింది. చేతులు పదే పదే కడుక్కోవడం, పరీక్షలో రాసిందే మళ్లీ మళ్లీ దిద్దుకోవడం. వైద్యానికి బాగా లొంగే జబ్బు. తండ్రి నా ముందే ఓపీ చీటీ మీదున్న విభాగం పేరుని మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "పెళ్లి కావాల్సిన పిల్లండీ" అన్నాడు. వాళ్లు మళ్లీ రాలేదు. మా దగ్గరున్న ఫోన్ నంబరు పనిచెయ్యలేదు. ఆడపిల్లల వైద్యం మధ్యలో ఆగిపోవడానికి నేను చూసిన కారణాల్లో పెళ్లి భయమే మొదటిది.

ఇక పిల్లలు ఎక్కువగా ఉండే చోటికి వద్దాం. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ఔటింగ్ నెలకోసారి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వారానికోసారి. ఈ రెండూ ఎలా కలుస్తాయి? జ్వరం వస్తే వార్డెన్ ఆస్పత్రికి పంపుతాడు. మనసు బాగోలేదంటే "పరీక్షలయ్యాక చూద్దాం" అంటారు. పిల్లవాడు కూడా క్లాసు పోతుందనే భయంతో రానంటాడు. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో నీరదా రెడ్డి కమిటీ వేసిన నాటి నుంచి ఈ కాలేజీల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. 2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో తీర్పు చెబుతూ దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఒకరైనా ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాలతో కనిపించేలా పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మంచి మార్గదర్శకాలు. కానీ కౌన్సెలర్‌కి జీతమిచ్చేది కాలేజీ. పిల్లవాణ్ని ఇంటికి పంపమని, కొన్నాళ్లు చదువు ఆపమని కాలేజీ జీతం తీసుకునే మనిషి ఎంత గట్టిగా చెప్పగలడు? అందుకే ఆ కౌన్సెలర్ పని అక్కడితో ఆగకూడదంటాను. పిల్లవాణ్ని బయటి ఓపీకి పంపాలి. పంపిన తర్వాత వెళ్లాడో లేదో చూడాలి. మానసిక వైద్యానికి వెళ్లే గంటలకు హాజరు తగ్గించకూడదన్న నిబంధన ఇంటర్ బోర్డులు పెట్టాలి.

ఇక చట్టం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఆస్పత్రిలో చేర్చుకోవాలంటే ఈ చట్టం చాలా షరతులు పెట్టింది. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, పెద్దవాళ్ల వార్డులో ఉంచకూడదు, సంరక్షకులో, వాళ్లు నియమించిన మనిషో వెంట ఉండాలి. ఇంటి పట్టున ఉంచి చేసే వైద్యాలేవీ ఫలించలేదని, లేదా పనికిరావని తేలితేనే చేర్చుకోవాలి. అంటే ఓపీ వైద్యమే ముందన్నది చట్టం ఉద్దేశం. ఆ ఓపీ వైద్యాన్ని ఊరికి దగ్గరగా తేవడం ప్రభుత్వం బాధ్యత. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదని కూడా ఇదే చట్టం చెప్పింది. ఇది తెలియక, పోలీసు కేసవుతుందేమోనని పిల్లల్ని దాచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

బీమా మాట కూడా చెప్పాలి. శరీరానికొచ్చిన జబ్బుకీ మనసుకొచ్చిన జబ్బుకీ తేడా లేకుండా బీమా ఇవ్వాలని చట్టం అంది. బీమా నియంత్రణ సంస్థ 2018లో కంపెనీలకు ఆదేశం ఇచ్చింది. కానీ మామూలు పాలసీ డబ్బు చెల్లించేది ఆస్పత్రిలో చేరితేనే. నెలకు రెండుసార్లు వచ్చి మాట్లాడి వెళ్లే పిల్లకు అందులో పైసా రాదు. ప్రైవేటులో ప్రతి సెషన్‌కూ ఫీజు, ఊరి నుంచి బస్సు చార్జీలు, తల్లి పోగొట్టుకునే కూలి. ఇవన్నీ ఇంటి జేబులోంచే. పిల్లల ఓపీ వైద్యానికి బీమా వర్తించనంతకాలం ఆ సమానత్వం కాగితం మీదే ఉన్నట్టు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైనప్పుడు దేశంలో మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఊరికి దగ్గరగా వైద్యం అన్న ఆలోచనకు మన నేల మీదే అంత చరిత్ర ఉంది. దాన్ని టీనేజీ పిల్లలకు సరిపోయేలా మార్చడానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. జిల్లా ఆస్పత్రిలో వారంలో రెండు సాయంత్రాలు, కాలేజీ వదిలాక, పిల్లల కోసమే ఓపీ ఉంచండి. పెద్దల వరసలో, తెలిసినవాళ్ల కళ్లముందు వాళ్లని నిలబెట్టొద్దు. వచ్చిన ప్రతిసారీ వీలైనంతవరకు అదే డాక్టరు చూడాలి. కొత్త మనిషికి మొదట్నుంచీ చెప్పుకోవాలంటే పదిహేనేళ్ల పిల్ల నోరు మూసుకుంటుంది. ఫ్లూక్సెటిన్ లాంటి మామూలు మందులు ఏరియా ఆస్పత్రిలో దొరకాలి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల తర్వాత వీడియోలో చూడటానికి అడ్డేమీ లేదు. మధ్యలో ఒక విజిట్ ఫోన్లో కావచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్, 14416, తెలుగులోనే మాట్లాడుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. మొదటి మాటకు అది చాలా మంచి దారి.

వీటన్నిటికంటే ముందు నేను అడిగేది ఒక ఉద్యోగం. ప్రతి జిల్లా ఓపీలో ఒక సోషల్ వర్కర్. ఆ వారం రావాల్సి ఉండి రాని పిల్లల జాబితా చేతిలో పెట్టుకుని సాయంత్రం ఫోన్ చెయ్యడమే ఆ మనిషి పని. ఫోన్ ఎత్తకపోతే ఆశా కార్యకర్తని ఇంటికి పంపాలి. మాస్టారు జీతం తీసుకోకుండా చేసిన పనికి మనం ఒక జీతం ఏర్పాటు చెయ్యలేమా?

ఈ సభలో జిల్లా వైద్యాధికారులున్నారు, కాలేజీ యాజమాన్యాలవాళ్లున్నారు, తల్లిదండ్రులున్నారు. అధికారులు ఆ ఒక్క ఉద్యోగం మంజూరు చేయించండి. ప్రిన్సిపాల్ గార్లు ఓపీ చీటీ చూపించిన విద్యార్థికి ఎందుకని అడక్కుండా ఆ పూట సెలవివ్వండి. తల్లిదండ్రులారా, చీటీ మీద రాసిన తేదీన కోతలున్నా, పెళ్లిళ్లున్నా, పరీక్షలున్నా బిడ్డని తీసుకురండి. మీకు వీలు కాకపోతే మేనమామనో పిన్నినో పంపండి. పిల్లవాడు బాగానే ఉన్నాడనిపించినా తీసుకురండి.